అమెరికా రాష్ట్రాలలో విశ్వవిద్యాలయాల పేరుప్రతిష్ఠలు

గత సంవత్సరం మా పూర్వ విద్యార్థి ఒకడు రెండు ప్రవేశపత్రాలు చేతబట్టుకొని మా ఇంటికి వచ్చాడు. రెండూ అమెరికాలోని ఒకే రాష్ట్రానికి చెందిన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలవే. ఒకదాని పేరులో రాష్ట్రం పేరు మాత్రమే ఉన్నది. రెండవదానిలో రాష్ట్రం పేరు పక్కన 'స్టేట్' అనే మాట అదనంగా ఉన్నది. అతడు కోరిన శాఖ రెండవచోటనే బలంగా ఉన్నది. పైగా బోధనలో సహాయపడితే వేతనమిచ్చి, రుసుము కూడా మాఫీ చేస్తామని వారు వ్రాశారు. మొదటివారు ఏమీ ఇవ్వజూపలేదు. అయినా ఇంటిల్లిపాదీ మొదటిదానివైపే మొగ్గారు. "స్టేట్ అంటే రెండవ తరగతి గదా!" అని అతని మేనమామ తేల్చివేశారట. తండ్రిగారు మూడెకరాల పొలాన్ని తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు. ఒక్క మాట తక్కువ ఉన్న పేరు కోసం మూడెకరాలు! ఆ మాట ఎక్కడ పుట్టిందో, దానికి ఆ చిన్నతనం ఎలా అంటుకొన్నదో పాఠకులతో కలిసి విచారించాలని మాకు అనిపించింది.

ఈ కథకు మూలం 1862లో ఉన్నది. అంతర్యుద్ధం సాగుతున్న ఆ రోజులలో, జూలై 2వ తేదీన, అధ్యక్షుడు లింకన్ మోరిల్ శాసనంపై సంతకం చేశారు. కాంగ్రెసు ఉభయసభలలో ఒక్కొక్క సభ్యునికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి లభించింది. దానిని అమ్మగా వచ్చిన సొమ్ముతో వ్యవసాయాన్నీ యంత్రవిద్యనూ నేర్పే కళాశాలలను పోషించాలన్నది నియమం. మన పోచంపల్లిలో 1951లో మొదలైన భూదానంతో దీనిని పోల్చరాదు. అక్కడ భూస్వామి తన నేలను ఇచ్చాడు. ఇక్కడ ఆదివాసి తెగల నుండి తీసుకొన్న నేలను ప్రభుత్వం పంచిపెట్టింది. ఆ ధర్మం ఎవరి ఖాతాలో జమ కావాలో అమెరికన్లే ఇటీవల తర్కించుకొంటున్నారు.

కొన్ని రాష్ట్రాలు ఈ నిధిని అప్పటికే ఉన్న విశ్వవిద్యాలయానికి అప్పగించాయి. విస్కాన్సిన్ అటువంటిది. అక్కడి ఆచార్యుడు బాబ్‌కాక్ 1890లో పాలలోని వెన్నశాతాన్ని కొలిచే సులువైన పద్ధతిని కనిపెట్టి, హక్కులు కోరకుండా లోకానికి వదిలివేశారు. నీళ్ళ పాలకూ చిక్కని పాలకూ ఒకే ధర పలికే రోజులు దానితో చెల్లిపోయాయి. అదే విశ్వవిద్యాలయంలో 1960 నుండి 1970 వరకు హరగోవింద్ ఖొరానా పనిచేశారు. ఆయనకు 1968లో నోబెల్ బహుమానం లభించింది. ఆవుపాలూ జన్యుసంకేతమూ ఒకే కప్పు క్రింద ఉన్నచోట పెద్దా చిన్నా తగవు అంతగా పుట్టలేదు.

పెక్కు రాష్ట్రాలలో అలా జరుగలేదు. న్యాయశాస్త్రం, వైద్యం, సాహిత్యం పాత విశ్వవిద్యాలయంలో ఉండగా, పంటలకూ పశువులకూ యంత్రాలకూ వేరే కళాశాల ఏర్పడింది. ఒక ఇంట ఇద్దరు తోడికోడళ్ళు వెలిసినట్లయింది. వ్యవసాయ కళాశాలలను 'ఆవుల కళాశాలలు' అని పరిహసించడం అక్కడ పాత అలవాటు. న్యాయవాది కుమారుడు ఒకచోట, రైతు కుమారుడు మరొకచోట చదివితే, ఏ చదువుకు గొప్పతనం అంటుకొంటుందో మన దేశంలో పుట్టినవారికి వివరించనక్కరలేదు.

మిషిగన్ సంగతి చూడండి. మిషిగన్ విశ్వవిద్యాలయం 1817లో పుట్టింది. వ్యవసాయ కళాశాల 1855లో, అంటే మోరిల్ శాసనానికి ముందే వెలసింది. సరిగ్గా నూరేళ్ళకు, 1955లో, ఆ కళాశాల విశ్వవిద్యాలయమనే పేరు కోరినప్పుడు పెద్దక్క గట్టిగా అడ్డుపడింది. రెండు పేర్లూ కలగాపులగమై తన ప్రతిష్ఠ పలుచబడుతుందని దాని భయం. శాసనసభ వినలేదు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమయింది. అదే సంవత్సరం ఏప్రిల్ 12న, పోలియో టీకా పనిచేస్తున్నదని పెద్ద విశ్వవిద్యాలయపు ఆచార్యుడు థామస్ ఫ్రాన్సిస్ ప్రకటించగా ప్రపంచమంతా పండుగ చేసుకొన్నది. ఆ పేరు ఊరికే రాలేదన్న మాట మేమూ ఒప్పుకొంటాము. కాని పదేళ్ళు గడిచాయి. 1965లో, 'ఆవుల కళాశాల'గా పుట్టిన ఆ రెండవచోట, బార్నెట్ రోజెన్‌బర్గ్ సూక్ష్మజీవులపై విద్యుత్తును ప్రయోగించి చూస్తూ, ప్లాటినం సమ్మేళనాలు కణవిభజనను ఆపుతున్నట్లు గుర్తించారు. అందులోనుండి వచ్చిన సిస్‌ప్లాటిన్ అనే మందును 1978లో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది. మన నగరాల క్యాన్సర్ ఆసుపత్రులలో నేటికీ దానిని ఎక్కిస్తున్నారు. ఆ సీసా చూచి, ఇది స్టేట్‌వారి మందు గదా అని ఏ రోగీ పెదవి విరచడు.

ఇండియానాలో ఈ తగవు మరొక రూపం దాల్చింది. 1820 నాటి ఇండియానా విశ్వవిద్యాలయానికి న్యాయ వైద్య శాస్త్రాలూ, 1869లో పుట్టిన పర్‌డ్యూకు ఇంజనీరింగూ దక్కాయి. చంద్రునిపై తొలి అడుగు పెట్టిన ఆర్మ్‌స్ట్రాంగూ, ఇప్పటివరకు చివరి అడుగు పెట్టిన సెర్నానూ పర్‌డ్యూ పట్టభద్రులే. అక్కడ ఏది గొప్పదని అడిగితే, దేనిలో అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ ఎదురు ప్రశ్న మన ఇళ్ళలో వినబడదు.

ప్రతిష్ఠ అనేది ఎలా పోగుపడుతుందో చూడాలంటే మాత్రం టెక్సస్‌కు పోవాలి. అక్కడ వ్యవసాయ యంత్రవిద్యా కళాశాలయే ముందు, 1876లో, తెరుచుకొన్నది. టెక్సస్ విశ్వవిద్యాలయం 1883లో గాని మొదలు కాలేదు. పడమటి టెక్సస్‌లో గడ్డి కూడా సరిగా మొలవని ఇరవై లక్షల ఎకరాలు విశ్వవిద్యాలయ నిధికి చెందాయి. పశువుల మేత మీద వచ్చే అద్దె తప్ప దానివల్ల చాలాకాలం లాభం లేకపోయింది. 1923 మే 28న ఆ నేలలో సాంటా రీటా అనే బావి నుండి చమురు చిమ్మింది. బీడు భూమి బంగారు గనియైన తరువాత పంపకాల పేచీ వచ్చింది. 1931లో రెండు వంతులు పెద్దదానికి, ఒక వంతు వ్యవసాయ కళాశాలకు అని తీర్పయింది. టెక్సస్ టెక్, హ్యూస్టన్ వంటివి ఆ పంక్తిలో లేవు. వాటి పరిశోధనల కొరకు వేరొక శాశ్వత నిధికి ప్రజలు ఓటు వేసినది 2023లో. ఇంతకాలం ఒక పళ్ళెంలో నేయీ మరొక పళ్ళెంలో గంజీ వడ్డించి, ఎవరు బలంగా ఉన్నారో చూడండని పోటీ పెట్టడం న్యాయమా?

అదే టెక్సస్‌లో 1946లో హీమన్ స్వెట్ అనే నల్లజాతీయుడు న్యాయకళాశాలలో ప్రవేశం కోరాడు. రంగు కారణంగా నిరాకరించారు. అతడు కోర్టుకెక్కగానే నల్లవారికంటూ ఒక వేరు న్యాయకళాశాలను హడావిడిగా నెలకొల్పి, చదువు ఇక్కడా అదే గదా అన్నారు. 1950లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. ఆచార్యుల కీర్తి, పూర్వ విద్యార్థుల పలుకుబడి, సంఘంలో గౌరవం వంటివి తూకానికి అందకపోయినా న్యాయవిద్యలో భాగమేననీ, కొత్త కళాశాల వాటిని ఇవ్వలేదనీ ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పు మా వాదానికి కొంత ఎదురు నిలుస్తుందని మాకు తెలుసు. పేరు వట్టి భ్రమ అయితే స్వెట్ పోరాడవలసిన పని లేదు. పేరు ఒక ఆస్తి. అది ఆస్తి కనుకనే, దానిని ఎవరు కూడబెట్టారు, ఎవరిని ఆ గడప తొక్కనీయకుండా కూడబెట్టారు అని అడిగే హక్కు మనకు ఉన్నది. ఆ వేరు న్యాయకళాశాల నేడు హ్యూస్టన్‌లోని టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయంలో, స్వెట్ తరఫున వాదించిన థర్‌గుడ్ మార్షల్ పేరుతో నడుస్తున్నది.

కాలిఫోర్నియాలో హెచ్చుతగ్గులను ఏకంగా ప్రణాళికలోనే వ్రాశారు. 1960 నాటి బృహత్ప్రణాళిక ప్రకారం ఉన్నత పాఠశాలల నుండి వచ్చినవారిలో పై ఎనిమిదవ వంతు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, పై మూడవ వంతు స్టేట్ కళాశాలలకు, తక్కిన అందరూ రెండేళ్ళ కళాశాలలకు అర్హులు. డాక్టరేటు ఇచ్చే అధికారం మొదటి శ్రేణికే ఉంచారు. స్టేట్ శ్రేణివారు స్వంతంగా, అదీ విద్యాశాస్త్రంలో మాత్రం, డాక్టరేటు ఇవ్వడానికి 2005లో శాసనం కావలసివచ్చింది. బర్కిలీ కంటే పదకొండేళ్ళు పెద్దదైన శాన్ హోసే స్టేట్ ఆ విధంగా చెల్లెలయింది. అందరికీ ఏదో ఒక తలుపు తెరిచి ఉంచిన ఆ ప్రణాళికను మేము నిందించము. అయితే ఎవరికి ఏ పని అన్న విభజన నాలుగు దినాలలో ఎవరు గొప్ప అన్న విభజనగా మారిపోవడం మనుష్య స్వభావం.

మన పిల్లలు పొద్దున లేస్తే చూచుకొనే ర్యాంకుల పట్టికల సంగతి ఒక మాటలో ముగిస్తాము. అమెరికాలో ప్రసిద్ధమైన పట్టిక 1983లో మొదలైనప్పుడు, కళాశాలల అధ్యక్షులను మీ దృష్టిలో ఏది మంచిదని అడిగి కూర్చినదే. పేరున్నవానికే పేరు పెట్టి, ఆ పేరునే లెక్కగా అచ్చు వేశారు. తరువాత ఇతర కొలతలు చేరినా ఆ అభిప్రాయ సేకరణ ఇంకా పోలేదు.

మా విద్యార్థికి ఇవన్నీ చెప్పి, చివరకు మన ఇంటి సంగతి ఒకటి గుర్తు చేశాము. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అమెరికా భూదత్త కళాశాలల నమూనాలోనే ఏర్పడింది. దానికి తోడ్పడటానికి వచ్చిన ఆచార్యులు కాన్సస్ విశ్వవిద్యాలయంవారు కారు, కాన్సస్ స్టేట్‌వారు. మన విశ్వవిద్యాలయపు బాపట్ల కేంద్రం నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి అన్నం ఇవాళ్టికీ వారి మేనమామగారి కంచంలో ఉన్నది.

అతడు రెండవ విశ్వవిద్యాలయానికే వెళ్ళాడు. పొలం తాకట్టు పడలేదు. తండ్రిగారు మాత్రం, అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడని ఎవరైనా అడిగితే, రాష్ట్రం పేరు గట్టిగా చెప్పి ఆ తరువాతి మాటను నెమ్మదిగా మింగివేస్తున్నారని విన్నాము.