ప్లాస్టిక్కు గుళికలు - నౌకాధర్మము

ఓడల వర్తకమువలని లాభము ఒకరికిని, దానివలని నష్టము తీరవాసులకును చెందు న్యాయము ఎంతకాలము సాగవలెను? శ్రీలంక అనుభవము ఈ ప్రశ్నను లోకము ముందుంచినది. 2021వ సంవత్సరము మే 20వ తేదీన కొలంబో రేవు చెంత నిలిచియున్న ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అను సరకుల యోడలో అగ్ని పుట్టెను. ఓడ పలుదినములు మండి జూను నెలలో మునిగెను. అందలి సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్కు గుళికలు కడలిపాలయ్యెను. తాబేళ్ల కళేబరములు వందలకొలది యొడ్డునకు కొట్టుకొనివచ్చెను. వేట నిషేధింపబడి బెస్తవారు జీవనోపాధి కోల్పోయిరి.

ఈ గుళిక కందిగింజంత యుండును. బకెట్లు, సంచులు, సీసాలు మున్నగువానికి ఇదియే ముడిసరకు. పొలమున రాలిన గింజ మొలకెత్తును. లేనిచో కుళ్లి యెరువగును. ఈ గింజ మొలకెత్తదు, కుళ్లదు. ఎండకును అలలకును నలిగి సూక్ష్మరేణువులగునే కాని నశింపదు. నీటిలోని విషములను తన కంటించుకొనును. చేపగ్రుడ్డని భ్రమించి చేపలును పక్షులును దీనిని మ్రింగుచున్నవి.

ఈ ఉపద్రవము మనకును తప్పలేదు. 2025 మే 25వ తేదీన ఎం.ఎస్.సి. ఎల్సా 3 అను ఓడ సుమారు 640 పెట్టెలతో కొచ్చి సమీపమున మునిగెను. అందలి గుళికలు తిరువనంతపురము మొదలు కన్యాకుమారి తీరమువఱకు వ్యాపించెను. కేరళ ప్రభుత్వము 9,531 కోట్ల రూపాయల పరిహారము కోరుచు హైకోర్టు నాశ్రయించినది.

ఆ యోడలోనే యున్న కాల్షియం కార్బైడునకు అంతర్జాతీయ నౌకానిబంధనలలో అపాయకరమైన సరకను ముద్ర కలదు, గుళికలకు లేదు. వానిని గట్టిగా కట్టవలెననియు, ఓడలో భద్రమగు చోట నుంచవలెననియు అంతర్జాతీయ నౌకాసంస్థ 2024లో సూచనలు చేసినది. అవి సూచనలే, శాసనములు కావు. పరిహారము గతియు నట్టిదే. శ్రీలంక సర్వోన్నత న్యాయస్థానము 2025 జూలైలో 100 కోట్ల డాలర్లు చెల్లింపుడని యాజ్ఞాపించగా, ఓడవారు నిరాకరించిరి. వారి బాధ్యతను సుమారు 1 కోటి 90 లక్షల పౌనులకు పరిమితము చేయుచు లండను న్యాయస్థానము 2023లోనే తీర్పు చెప్పియుండెను.

సముద్రమును చేరు ప్లాస్టిక్కులో నధికభాగము భూమినుండియే పోవుచున్నదని కొందరందురు. అది నిజమే. మన మురుగుకాలువలను మనము బాగుచేసికొనవలసినదే. కాని యొక దోషము వేఱొక దోషమును మాపజాలదు. కట్టుదిట్టములవలన ఓడబాడుగ పెరుగుననుటయు సమాధానము కాదు. ఆ ఖర్చు నేడును ఉన్నది. దానిని వలయు పడవయు తప్ప వేఱాస్తి లేని బెస్త భరించుచున్నాడు. విశాఖపట్టణము, కాకినాడ, కృష్ణపట్టణము రేవులుగల ఆంధ్రులకు ఇది పరుల గోడు కాదు. గుళికలను అపాయకరమైన సరకుగా పరిగణించు శాసనమును, నష్టమునకు తగిన పరిహారమును భారత ప్రభుత్వము అంతర్జాతీయ సభలలో పట్టుబట్టి సాధింపవలెను. మూడవ యోడ మునుగువఱకు వేచియుండుట వివేకము కాదు.