అన్న పాత్రకు చరిత్ర ఎవరు రాస్తారు?

తెలుగు సినిమా చరిత్ర అని మనం చెప్పుకునేది చాలావరకు హీరోల చరిత్ర. వాళ్ల తర్వాత దర్శకులు, సంగీత దర్శకులు, పాటల కవులు. హీరో పక్కన నిలబడి కథను మోసినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మిగిలేవి రెండే: పోయిన మర్నాడు పేపర్లో వచ్చిన నివాళి, టీవీల్లో అరిగిపోయిన ఇంటర్వ్యూ ముక్కలు. ఏటా అక్టోబరు 9న నటుడు శ్రీహరి వర్ధంతి వచ్చినప్పుడల్లా ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

శ్రీహరి 1964 ఆగస్టు 15న కృష్ణా జిల్లాలో పుట్టారు. పెరిగింది మాత్రం హైదరాబాద్ బాలానగర్‌లో. ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు, వాటి పనులు నమ్ముకుని వెలిసిన లేత్ మిషన్ల షెడ్లు, ఒంటి కష్టం తప్ప వేరే ఆస్తి లేని కుటుంబాలు - ఆ పేట అలాంటిది. అక్కడ జిమ్నాస్టిక్స్ నేర్చి, కండలు పెంచి, ఆటల పుణ్యాన దొరికే సర్కారు కొలువును కాదనుకుని సినిమా ఫైటర్ అయ్యారు. ఫైటర్ పనంటే దెబ్బ తినడమే. హీరో చెయ్యి తగిలీ తగలకముందే గాల్లోకి లేవాలి, చెప్పిన చోటే పడాలి, తన మొహం కెమెరాకు చిక్కకూడదు. హీరో కాలు అర క్షణం ఆలస్యమైనా మళ్లీ పడాల్సింది ఫైటరే. దాసరి నారాయణరావు ఆ మొహాన్ని కెమెరా వైపు తిప్పారు. 1987లో ‘బ్రహ్మనాయుడు’తో శ్రీహరి నటుడయ్యారు.

తర్వాత పదేళ్లకు పైగా విలన్ వేషాలే. 1995లో ‘తాజ్ మహల్’ మంచి పేరు తెచ్చింది. 1999లో ‘పోలీస్’తో హీరో అయ్యారు. ‘గణపతి’, ‘విజయరామరాజు’, ఎన్. శంకర్ తీసిన ‘భద్రాచలం’ చిన్న పట్నాల థియేటర్లలో బాగా ఆడిన సినిమాలు. అభిమానులు రియల్ స్టార్ అన్నారు. దెబ్బలు తిన్నవాడు కొట్టేవాడి స్థానానికి రావడం మన పరిశ్రమలో చిన్న సంగతి కాదు. అయినా ఆయన అసలు సిసలు చోటు అది కూడా కాదని 2005లో తేలింది.

ప్రభుదేవా తొలిసారి దర్శకత్వం వహించిన ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’లో శ్రీహరి వేసిన శివరామకృష్ణ ఒక రైతు, ఒక అన్న. చెల్లెలి కోసం వచ్చిన డబ్బున్న కుర్రాడికి ఆయన పెట్టే పరీక్ష కత్తులతో కాదు, నాగలితో: నాకంటే ఎక్కువ పంట పండించి చూపించు. ఆ సినిమాలో శ్రీహరి చేతులు గమనించండి. పదిమందిని ఎత్తి విసరగల చేతులని ప్రేక్షకుడికి తెలుసు. ఆ చేతులు చాలాసేపు ఊరికే ఉంటాయి. కుర్రాడు పొలంలో తడబడుతుంటే నిలబడి చూస్తాడు, అంతే. లోపల జాలి మొదలవుతోందని మనకు తెలుస్తుంది, మొహం మాత్రం ఒప్పుకోదు. చివరికి ఆ కుర్రాడి నేరాన్ని తన నెత్తిన వేసుకుని జైలుకు పోతాడు. బలమున్నవాడు ఆ బలాన్ని వాడకుండా ఆపుకోవడమే ఇక్కడ నటన. ఫిలింఫేర్ అవార్డు దానికే వచ్చింది.

అక్కడి నుంచి ఆయన అందరి అన్న. ‘ఢీ’లో ఆయన వేసిన శంకర్ గౌడ్ చుట్టూ ఉన్నవాళ్లంతా ఆయన్ను మోసం చేస్తూ మనల్ని నవ్విస్తారు. కానీ మోసపోతున్న శంకర్ గౌడ్ మాత్రం నవ్వులపాలు కాడు. ఆ బరువు లేకపోతే ఆ కామెడీ నిలిచేది కాదు. ‘మగధీర’లో షేర్ ఖాన్‌గా, మరుజన్మలో సోలమన్‌గా హీరో విలువను ముందు పోల్చుకున్నదీ ఆయనే. మన సినిమాల్లో ఇలాంటి పాత్రల మీద కథ ఎంత ఆధారపడుతుందో విమర్శకులు ఇప్పటికీ లెక్క కట్టలేదు.

తెర బయట ఆయన కథ మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో ఉంది. నాలుగు నెలల పసికందుగా పోయిన కూతురు అక్షర పేరిట శ్రీహరి, శాంతి దంపతులు అక్షర ఫౌండేషన్ పెట్టారు. ఆ వైపు పల్లెలను దత్తత తీసుకుని ఫ్లోరైడ్ లేని తాగునీరు, బడిపిల్లలకు పుస్తకాలు అందించే పని తలకెత్తుకున్నారు. ఇది రాతినేల. చెరువులెండి బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి. కాచినా లాభం లేదు, నీరు ఇగిరి ఫ్లోరైడ్ ఇంకా చిక్కనవుతుంది. పటిక, సున్నంతో దాన్ని విరిచే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే ఉంది. మన ప్రాంతం ఎంత అనుభవించిందో ఆ పేరే చెబుతుంది.

నీళ్లివ్వడం సర్కారు బాధ్యత కదా, నటుల దయ మీద ఊళ్లు బతకాలా అని అడగొచ్చు. అడగాల్సిందే. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద ఇంకాస్త పోతే వచ్చే గజ్వేల్ ప్రాంతంలోనే 2016 ఆగస్టులో తాగునీటి పథకం మిషన్ భగీరథ మొదలైంది. అంతకు ముందు దాహమేసిన పిల్లలు మాత్రం పథకం వచ్చేదాకా ఆగలేరు. ఆ మధ్యకాలంలో ఎవరు ఏం చేశారన్నది కూడా చరిత్రే. దాన్ని పొగడ్తగా రాయక్కర్లేదు. నీటి ప్లాంటు కరెంటు బిల్లు ఎవరు కట్టారు, క్యాన్లు ఎవరు మోశారు, 2013లో ముంబైలో ప్రభుదేవా సినిమా షూటింగ్‌కు వెళ్లిన మనిషి 49 ఏళ్లకే తిరిగిరాకుండా పోయాక ఆ పని ఎవరి చేతికొచ్చింది - ఈ వివరాలు ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాయాలి. వాళ్లు ఉండగానే రాయాలి.

అలా రాస్తే అది ఒక నటుడి జీవితం దగ్గరే ఆగదు. బాలానగర్ షెడ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లను సినిమా ఎలా వాడుకుంది, ఫైటర్ల యూనియన్లు ఎలా నడిచాయి, నగరం అంచు పల్లెలు ఫామ్‌హౌస్‌లుగా, కాలనీలుగా ఎలా మారాయి - అన్నీ అందులోకే వస్తాయి. శ్రీహరిని సమాధి చేసింది బాచుపల్లిలో, కూతురి పక్కనే. తెలుగు విశ్వవిద్యాలయం కూడా ఇప్పుడు బాచుపల్లిలోనే ఉంది. ప్రబంధ నాయకుల మీద వందల సిద్ధాంత గ్రంథాలు రాయించిన మన తెలుగు శాఖలు ఒక్క పరిశోధక విద్యార్థిని ఈ పని మీద శామీర్‌పేట పల్లెలకు పంపితే చాలు. అచ్చు వేయడానికి మా పత్రిక పేజీలు సిద్ధంగా ఉన్నాయి.