గుంజీలేనా మన వ్యాయామము?

మన పాఠశాలలయందు బాలునికి దేహమొకటి గలదని జ్ఞప్తికి వచ్చునది వానిని శిక్షించునప్పుడు మాత్రమే. లెక్క తప్పినచో గుంజీలు. పద్యము రానిచో గోడకుర్చీ. ప్రక్కవానితో మాటలాడినచో బెంచీ యెక్కుట. ఇవి తప్ప తరగతిగదిలో దేహమునకు పనియే లేదు. కదలినవాడు అల్లరివాడు, కొయ్యబొమ్మవలె కూర్చున్నవాడు బుద్ధిమంతుడు. కదలికను దండనముగా నేర్పి, నిశ్చలత్వమును వినయమని పొగడి, పిమ్మట యువజనులు దుర్బలులైరని సభలలో కన్నీరు కార్చుచున్నాము. ఇంతకన్న వింత వేఱొకటి గలదా?

శాసనము లేదందురా? 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టమును విప్పి చూడుడు. శారీరక దండనమును, మానసిక వేధనను 17వ సెక్షను నిషేధించినది. బాలుని శారీరక మానసిక శక్తులు సంపూర్ణముగా వికసించుటను, కృత్యములద్వారా నేర్చుటను పాఠ్యక్రమ నిర్ణేతలు దృష్టియందుంచుకొనవలెనని 29వ సెక్షను విధించినది. బడికి ఆటస్థల ముండవలెనని అనుబంధము చెప్పుచున్నది. ఆటలను పాఠములతో మేళవింపవలెనని 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము పలికినది. కొఱత శాసనమున లేదు; మన సంకల్పమున నున్నది.

ఆటల గంట యున్నదిగదా యని కొందఱందురు. ఉన్నది, కాలపట్టికలో! పరీక్షలు సమీపించినంతనే గణితోపాధ్యాయుడు దానిని కైవసము చేసికొనును. అంతస్తుల మేడలలో అద్దెకు నడచు బడులకు ఆటస్థలమే లేదు. ఆ గంటను నిలుపుకొనవలసినదే. అయినను మేము కోరునది అంతమాత్రము కాదు. పాఠమే కదలవలెను.

ఎక్కములను కూర్చుండి వల్లించుటకు మాఱుగా, నేలపై సుద్దతో గీచిన గళ్లలో నాలుగేసి గళ్లు దాటుచు నాలుగవ యెక్కమును చెప్పినచో నేమి? తొక్కుడుబిళ్ల యాడు బాలికకు సంఖ్యారేఖ క్రొత్తది కాదు. బడి ముంగిటిని త్రాడుతో కొలిపించి వైశాల్యమును నేర్పరాదా? ఒకడు సూర్యుడుగా, ఒకడు భూమిగా, ఒకడు చంద్రుడుగా నిలిచి తిరిగినచో గ్రహణ మేల కలుగునో కన్నులయెదుట తెలియును. ‘రాముడు’ చివరనున్న ఉకారపు అట్టను పట్టిన బాలుడు తొలగి, ‘అతడు’ మొదటనున్న అకారమునకు చోటిచ్చినచో, ఉకారసంధి జన్మమున మఱవడు. వీనికి కావలసినది సుద్దముక్క, త్రాడు, పది అట్టముక్కలు.

సిలబసు వెనుకబడునను భయము గలవారికొక మాట. నెదర్లాండ్సు దేశమున 12 ప్రాథమిక పాఠశాలలలో 499 మంది పిల్లలపై రెండేండ్లు ఈ పద్ధతిని పరీక్షించి, ఫలితములను 2016లో ప్రకటించిరి. వారమునకు మూడుమార్లు కదలుచు నేర్చినవారు, మామూలు పాఠములు విన్నవారికన్న గణితమునందును, అక్షరదోషములు లేక వ్రాయుటయందును నాలుగు మాసముల చదువు ముందుండిరి. పఠనమునందు మాత్రము భేదము కానరాలేదు. కావున నిది సర్వరోగనివారిణి యని మేము చెప్పము. కదలినందున చదువు చెడలేదనుటకు మాత్ర మీ నిదర్శనము చాలును.

ఈ తలంపు మనకు పరదేశపు సరకును కాదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో కూడి బందరున నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనిని నేర్పినది. 1937లో వార్ధా విద్యాసమ్మేళనము పిమ్మట, జాకీర్ హుస్సేన్ సంఘము అయిదున్నర గంటల బడిదినమున 3 గంటల 20 నిమిషములను చేతివృత్తికే కేటాయించినది. తక్కిన విద్యలు ఆ పనితో ముడిపడి రావలెనని గాంధీమహాత్ముని యాశయము. ఆ ప్రణాళికకు హారతిపట్టి అటకపై నుంచితిమి. గుమాస్తాలను తయారుచేయుటకు పరపాలకుడు వేసిన బెంచీని మాత్రము స్వరాజ్యము వచ్చినను విడువలేకున్నాము!

గది యిరుకు, పిల్లలు పెక్కుమంది, ఉపాధ్యాయు డొక్కడు: ఎట్లు సాధ్యమందురా? అవునన్నవారు లేచుటకు, కాదన్నవారు కూర్చుండుటకు ఉన్న చోటే చాలును. నడువలేని బిడ్డను మూలకు త్రోయక, సూర్యుని స్థానమున నిలుపుడు. తక్కినవారు వాని చుట్టు తిరుగుదురు. కాని ఉపాధ్యాయుని సంవత్సరమంతయు మార్కులతోనే తూచు అధికారులు, యాజమాన్యములు మాఱనిదే అతడొక్కడే యేమి చేయగలడు? ఈ నేరమున ముఖ్యభాగము వారిది, మిగిలినది మనది.

తలిదండ్రులారా! మీ బిడ్డ బడినుండి రాగానే ఎన్ని మార్కులని యడుగుచున్నారు. నేడు పాఠములో ఎన్నిమార్లు లేచితివని యొక్కసారి యడుగుడు. గుంజీలు తీయుటకే లేచితినని వాడు బదులుచెప్పినచో, మఱునాడు బడిమెట్లెక్కి కారణ మడుగుడు. చట్టము మీ పక్షమున నున్నది. అడుగువారు లేకపోవుటయే యింతవఱకు కొఱత.