చదువుకునేవారికి కాపురం వద్దా?

విదేశీయుణ్ని పెళ్లాడిన బ్రిటన్ పౌరులు భాగస్వామిని తమ దగ్గరికి తెచ్చుకోవాలంటే ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. 2012లో 18,600గా పెట్టిన ఈ పరిమితిని 2024 ఏప్రిల్‌లో ఒక్కసారిగా పెంచేశారు. డిగ్రీ చదువుతున్న అమ్మాయి అంత సొమ్ము ఎక్కణ్నుంచి తెస్తుంది? 2025 ఏప్రిల్ నాటి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. చదువు మానేసి వారానికి 40 గంటలు ఏడాది పొడుగునా పనిచేసినా 25,400 దాటదు.

విద్యా రుణాన్ని ఆదాయంగా చూడరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న భర్త జీతమూ లెక్కలోకి రాదు. వచ్చాక అతనూ సంపాదిస్తాడు కదా అంటే వినరు.

మిగిలింది పొదుపు. ఆదాయం బొత్తిగా లేకపోతే 88,500 పౌండ్లు ఆరు నెలలపాటు ఖాతాలో ఉండాలి. ఆ డబ్బు తండ్రి కానుకగా ఇచ్చినదైనా అభ్యంతరం లేదు. కానీ అంత స్తోమత లేని తండ్రి, ‘మా ఇంట్లోనే ఉంటారు, ఖర్చులు నేను చూసుకుంటాను’ అని రాసిచ్చినా అసాధారణ పరిస్థితుల్లో తప్ప చెల్లదు. విద్యార్థి విషయంలో ఈ నిబంధన కొలుస్తున్నది పుట్టింటి కలిమినే. ఇది అన్యాయం.

2017లో అక్కడి సుప్రీంకోర్టు ఆదాయ పరిమితి చట్టబద్ధమేనంటూనే, పిల్లల క్షేమాన్నీ ఇతర ఆర్థిక వనరులనూ పట్టించుకోని తీరును తప్పుపట్టింది. ఆ వనరులను అరుదైన మినహాయింపుగా కాక, చదువు పూర్తయ్యేవరకైనా విద్యార్థులందరికీ మామూలుగానే లెక్కించాలి. భాగస్వామి సంపాదనా సామర్థ్యాన్నీ అందులో కలపాలి.