వాహనమొక్కటే – అభిప్రాయాలనేకం

ఒకప్పుడు మా కళాశాల వరండాలో విరామ సమయాన సినిమాలను గురించి, క్రికెట్టును గురించి చర్చలు సాగేవి. నేడు ఆ స్థానాన్ని మోటారు సైకిళ్లు ఆక్రమించుకున్నాయి. ఇది తప్పని మేము అనబోము. యంత్రాన్ని గూర్చి తెలుసుకోవాలనే కుతూహలం యౌవనానికి సహజం. అయితే క్రిందటి సంవత్సరం జరిగిన ఒక చిన్న సంఘటన ఈ విషయమై నాలుగు మాటలు వ్రాయడానికి మమ్ములను పురికొల్పినది.

బజారులో చిన్న బట్టల దుకాణం నడుపుకొనే ఒక విద్యార్థి తండ్రిగారు ఒక సాయంకాలం మా యింటికి వచ్చారు. "సార్, మావాడు డామినార్ బండి కావాలని మంకుపట్టు పట్టాడు. నడిపినవాళ్లంతా మంచిదంటున్నారట. మీరు చదువుకున్నవారు. కొనమంటారా, వద్దంటారా?" అని అడిగారు. ఆయన ప్రశ్నలో మరియొక ప్రశ్న దాగి ఉన్నది. నడిపినవారి మాటను ఎంతవరకు ప్రమాణంగా స్వీకరించవచ్చును?

ముందుగా వాహనాన్ని పరిచయం చేసుకుందాము. బజాజ్ సంస్థవారు డామినార్ 400ను 2016 డిసెంబరులో విడుదల చేశారు. ఇంజను 373 సి.సి.; శక్తి 35 అశ్వశక్తులు; బరువు 182 కిలోలు. 2019లో శక్తిని 40కి పెంచి, ముందు ఫోర్కులను మార్చారు. వేగమే పరమావధిగా గల పందెపు బండికీ, సుఖమే ప్రధానంగా గల దూరప్రయాణపు బండికీ నడుమ నిలిచే తరగతి ఇది.

ఇక నడిపినవారి అభిప్రాయాలు. మేము పలువురిని విచారించాము. కర్నూలు నుండి హైదరాబాదుకు 44వ జాతీయ రహదారిపై తరచు వెళ్లే ఒకాయన బండి బరువును మెచ్చుకొన్నారు. ప్రక్కనుండి లారీ దూసుకుపోయినా బండి తొణకదట. అదే బరువును పాతబస్తీ సందులలో తిరిగే మరొకాయన తిట్టుకొన్నారు. నిలిపిన బండిని వెనుకకు లాగడానికే చెమటలు పడతాయట. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు నల్లమలలో రాత్రివేళ ప్రయాణించినవారు ముందుదీపపు వెలుగును పొగిడారు. 800 మిల్లీమీటర్ల సీటు ఎత్తు పొడగరికి హాయి, పొట్టివానికి పరీక్ష. తొలి నమూనా ఇంజనులో అదురు ఎక్కువని పత్రికల సమీక్షకులు సైతం వ్రాశారు. అదే బండి నడిపేవారిలో కొందరికి ఆ అదురు స్ఫురణకే రాలేదు.

వీరిలో అబద్ధమాడినవారు లేరు. ఎవరి దేహం, ఎవరి దారి, ఎవరి అవసరం వారిచేత అలా పలికించాయి. కాబట్టి ఒక అభిప్రాయాన్ని వినినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. చెప్పినవాడు ఏ దారిలో నడిపినాడు? ఎంతకాలం నడిపినాడు? ఆ బండికి తాను పెట్టిన సొమ్మును సమర్థించుకొనే తొందర అతని మాటలో ఎంత ఉన్నది? కొన్న వారానికే వచ్చే ప్రశంస పెండ్లినాటి ముచ్చట వంటిది. మూడు వానకాలాలు గడచిన తర్వాత వచ్చే మాటకే తూకం ఎక్కువ.

అన్నింటికన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మనకు వినవచ్చే అభిప్రాయాలన్నీ క్షేమంగా ఇల్లు చేరినవారివి. చేరనివారు అభిప్రాయం చెప్పలేరు. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుతున్నది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్లినవారే. హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 28 మీటర్లు. ఎద్దుల బండి కంటబడి, చేయి బ్రేకు మీదికి పోయేలోపే ఆ దూరం గడచిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టిన పిమ్మట ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. 125 సి.సి. దాటిన బండ్లన్నింటికీ 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయిన ఎ.బి.ఎస్. చక్రం బిగుసుకుపోకుండా కాపాడగలదు. నడిపేవాని ఆలస్యాన్ని మాత్రం సరిచేయలేదు.

ఆ తండ్రిగారికి మేము ఇలా విన్నవించాము: "బండి మంచిదే. కాని మీ ఇంటినుండి కళాశాలకు ఆరు కిలోమీటర్లు, అదీ బజారు గుండా. అబ్బాయికి లైసెన్సు వచ్చి ఏడాదైనా నిండలేదు. ధరతోపాటు ఇన్సూరెన్సు, టైర్లు, పెట్రోలు, ఇద్దరికి హెల్మెట్లు లెక్క కట్టండి. ఆ తరువాత అబ్బాయినే కూర్చోబెట్టుకొని ఆ లెక్క చూపండి."

ఆ విద్యార్థి మాపై అలిగాడు. పది రోజులు ఎదురుపడినా ముఖం తిప్పుకొన్నాడు. పదకొండవ రోజున వచ్చి, "సార్, మీరెప్పుడైనా ఆ బండి నడిపారా?" అని అడిగాడు. లేదన్నాము. "మీ స్కూటరు మీద మీరు హెల్మెట్ పెట్టుకుంటారా?" అని అడిగాడు. మాకు జవాబు దొరకలేదు. ఆనాటి వరకు మేము దానిని సీటు క్రింది పెట్టెలోనే ఉంచేవారము. మర్నాడు తలపైకి వచ్చినది.

అతనికి ఆ బండిపై మోజు ఇంకా తీరలేదు, తీరవలసిన పని కూడా లేదు. సంపాదించిన నాడు కొనుక్కుంటాడు. కాని కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. హెల్మెట్ లేని వాహనాన్ని గేటు లోపలికి అనుమతించవద్దు. ఈ నియమాన్ని ముందుగా అధ్యాపకులమైన మాపైననే అమలు జరపండి. మేము పాటించనిది మా మాటగా చెబితే విద్యార్థులు ఎందుకు వింటారు?