తెలుగు తరగతిలో వ్రాతకొక పని కల్పింపుడు



ఉన్నత పాఠశాలలో పదవ తరగతి ముగించిన విద్యార్థి, గైడులోని గ్రంథాలయ వ్యాసమును అక్షరము పొల్లుపోకుండ అప్పగింపగలిగియు, తన వీధి కుళాయి చెడిపోయినదని పంచాయతీ కార్యదర్శికి నాలుగు పంక్తులు స్వయముగా వ్రాయవలసి వచ్చినపుడు కలము పట్టుకొని దిక్కులు చూచుట మనమెల్లరము ఎరిగినదే. ఆ బాలునికి తెలివి లేదనుట అన్యాయము. అతని వ్రాతను మార్కులు వేయుటకు తప్ప మరెందులకును చదువువారు లేనపుడు, వ్రాయవలెనను కోరిక ఎచటనుండి పుట్టును?

దీనికి మార్గము మన పొరుగుననే కలదు. ఆంగ్లబోధనా నిపుణుడైన ఎన్.ఎస్. ప్రభు, ఆయన సహచరులు 1979 మొదలు 1984 వరకు బెంగుళూరు, మద్రాసు మొదలగు చోట్ల సాధారణ పాఠశాలలలో ఆంగ్లబోధనకై నడపిన ప్రయోగమున, వ్యాకరణ పాఠక్రమమును ప్రక్కనుంచి, రైళ్ల కాలపట్టికను బట్టి ఏ బండి ఎక్కిన సకాలమున ఊరు చేరవచ్చునో తేల్చుట, పటము చూచి దారి చెప్పుట వంటి పనులను పిల్లల కొప్పగించిరి. మొదట అట్టి పనినొకదానిని ఉపాధ్యాయుడు తరగతి యంతటితో ప్రశ్నోత్తరములుగా చేయించును; పిదప వేరొకదానిని ప్రతి విద్యార్థియు తానై సాధించును. తరగతిలో సుమారు సగముమంది పనిలో సగమైనను చేయగలిగిన, అది తగినంత కఠినమని ప్రభు కొలత. ఈ కొలత నాకు మిక్కిలి నచ్చినది. మరీ సులభమైనది విసుగును, మరీ కఠినమైనది భయమును పుట్టించును గదా! పిల్లలను బృందములుగా విడదీయుటపై ఆ పద్ధతి ఆధారపడలేదు గనుక, అరువదిమంది కూర్చున్న గదిలో సాగదను అభ్యంతరమును నిలువదు.

పరభాషకై పుట్టిన ఈ పద్ధతి, మాట ముందే వచ్చియున్న మాతృభాషలో రచనకు మరింత చక్కగా ఒదుగునని నా విశ్వాసము. ఉపాధ్యాయులారా, వారమునకొక తెలుగు పీరియడును దీనికి విడువుడు. ఊరి నేతపనివారిని అడిగి, మగ్గము చూడనివారికి సైతము బోధపడునట్లు ఆ పని క్రమమును వ్రాయింపుడు; బస్సు వేళ మార్చుటకు కారణములు చూపుచు ఆర్టీసీ డిపో మేనేజరునకు విన్నపము వ్రాయించి, దానిని నిజముగా తపాలాలో వేయింపుడు. మొదటి ప్రతి చదువునపుడు ఎఱ్ఱసిరా ముట్టక, చెప్పదలచినది చదువరికి అందినదా యని మాత్రమే చూడుడు. అక్షరదోషముల విచారణ రెండవ ప్రతికి ఉంచుడు.

అయితే పరీక్ష మారనిచో గైడు పోదు. వ్యాసప్రశ్నకు బదులు, వివరములను ప్రశ్నపత్రముననే ఇచ్చి, వానితో ఒక నివేదికయో విజ్ఞప్తియో వ్రాయుడని అడుగవలెను. తల్లిదండ్రులు రాబోవు పాఠశాల కమిటీ సమావేశమున ఈ కోరికను తీర్మానముగా పెట్టి, దాని ప్రతిని మండల విద్యాధికారికి పంపవలెనని ప్రార్థన.