ఈత రాదా? రానివ్వలేదా?

"వాళ్ళకు ఈత రాదు, వాళ్ళ ఒళ్ళే అంత!" అమెరికాలో నల్లజాతివాళ్ళను గురించి తరతరాలుగా ప్రచారంలో ఉన్న మాట ఇది. వాళ్ళ ఎముకలు బరువట, నీళ్ళలో తేలవట! సైన్సు విద్యార్థిని కాబట్టి ఈ మాట వింటే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. గుండెల నిండా గాలి పీల్చుకున్న మనిషి శరీర సాంద్రత సాధారణంగా నీటికంటే కొంచెం తక్కువే. ఆర్కిమిడీస్ సూత్రం ఎవరి రంగూ అడగదు.

అసలు సంగతి వేరు. అక్కడ ఎన్నో ఊళ్ళలో పబ్లిక్ కొలనుల్లోకి నల్లవాళ్ళను దిగనివ్వలేదు. 1964 జూన్ 18న ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్ పట్టణంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఒక హోటల్ కొలనులో దిగితే, మేనేజరు ఆ నీళ్ళలో ఆసిడ్ కుమ్మరించాడు. కలిసి ఈదడం ఇష్టం లేక కొలనులనే మూసేసిన ఊళ్ళు కూడా ఉన్నాయి. తాతను దిగనివ్వలేదు, తండ్రి నేర్వలేదు, భయంతో కొడుకును నీళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. రానివ్వకపోవడమే మూడు తరాలు తిరిగేసరికి రాకపోవడమైంది!

ఫలితం? 1999 నుంచి 2010 వరకు అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం, 5-19 ఏళ్ళ నల్లజాతి పిల్లలు ఈతకొలనుల్లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లల రేటుకు అయిదున్నర రెట్లు.

కల్లెన్ జోన్స్ కూడా ఆ లెక్కలో చేరిపోవలసినవాడే. అయిదేళ్ళప్పుడు ఒక వాటర్ పార్కులో మునిగి, కొనవూపిరితో బయటపడ్డాడు. మరో తల్లి అయితే "ఇక నీళ్ళ దిక్కు పోకు" అనేది. ఆ తల్లి మాత్రం కొడుకును ఈత నేర్చుకోవడానికి పంపింది. ఆ పిల్లవాడే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 4x100 మీటర్ల ఫ్రీస్టయిల్ రిలేలో మైకేల్ ఫెల్ప్స్‌తో కలిసి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. 2012 లండన్‌లో 50 మీటర్లలో రజతం అందుకున్నాడు. అంతటితో ఆగలేదు. 'మేక్ ఎ స్ప్లాష్' కార్యక్రమం తరఫున ఊరూరా తిరిగి, నల్లజాతి పిల్లల్ని నీళ్ళలోకి దింపాడు, వాళ్ళ తల్లిదండ్రుల భయం పోగొట్టాడు. నా దృష్టిలో పతకంకంటే ఇదే గొప్ప పని. 2016 రియోలో సిమోన్ మాన్యుయెల్ 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో గెలిచి, ఈతలో వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి నల్లజాతి మహిళ అయింది.

ఇదంతా సముద్రాల అవతలి కథ అనుకుందామా? 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకోవడానికి అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్ళవలసి వచ్చింది. మాది నారాయణఖేడ్ దిక్కు, వ్యవసాయ కుటుంబం. మా నాయన చిన్నతనంలో ఊళ్ళో ఏ బాయిలో ఎవరు దిగాలో కులమే చెప్పేదట. మా కాలానికి ఆ కట్టుబాటు సడలింది. నేనూ, తండా నుంచి వచ్చిన నా దోస్తులూ ఒకే బాయిలో, నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చుకున్నాం. కానీ మా చెల్లెలు గట్టు మీద కూర్చుని మా బట్టలకు కావలి కాసింది. ఇవాళ్టికీ ఆమెకు ఈత రాదు. ఆడపిల్లకు ఈతెందుకన్నారు! ఏటా బతుకమ్మను చెరువులో వదిలేది ఆడవాళ్ళే. ఆ చెరువులో కాలు జారితే బయటికి రాలేనిదీ వాళ్ళే. ఇదెక్కడి న్యాయం?

చేతకాదన్న మాటకు మన గడ్డ మీదే జవాబు ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. గురుకుల పాఠశాల వాళ్ళకు కొత్త కాళ్ళు ఇవ్వలేదు; భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇప్పించింది, అంతే.

మిత్రులారా! ప్రతి ఊరి నుంచీ ఒలింపిక్ వీరుడు పుట్టనక్కరలేదు. ఈత వచ్చిన మనలో ప్రతి ఒక్కరం ఈ ఎండాకాలం సెలవుల్లో, పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని, నడుములోతు నీళ్ళలో ఇద్దరు పిల్లలకు ఈత నేర్పుదాం. అందులో ఒకరు తప్పకుండా ఆడపిల్ల కావాలి. ఆడపిల్లలకు ప్రత్యేకంగా సమయం, మహిళా శిక్షకురాలు కావాలని మన విద్యార్థి సంఘం క్రీడాశాఖను గట్టిగా అడగాలి. గట్టెక్కినవాడు వెనక్కి తిరిగి చెయ్యందించకపోతే, గట్టెక్కి ఏం లాభం?